శాలువాలు చాలు, చోటు చూపండి

హైదరాబాద్ నగర బడ్జెట్ రాసే అధికారులకు, దాన్ని ఆమోదించే ప్రజాప్రతినిధులకు,

నమస్కారం.

మా ఇంట్లో ఒక ట్రంకుపెట్టె నిండా శాలువాలున్నాయి. ముప్పై ఏళ్లుగా ఈ నగరంలో నాటకాలు వేస్తున్నందుకు రకరకాల వేదికల మీద పెద్దలు కప్పినవి. లెక్కపెడితే నలభైకి పైనే తేలతాయి. హైదరాబాద్ చలికి ఇన్ని అక్కర్లేదు. వాటిలో నాలుగింటిని మా ఆవిడ కలిపి కుట్టి ఇస్తే, ఒక నాటకంలో జమీందారు గారి గదికి తెరగా కట్టాం. నాకు తెలిసి శాలువాల వల్ల మా నాటకాలకు జరిగిన మేలు అదొక్కటే.

మొన్న పెట్టెలోకి ఇంకొకటి చేరింది. ఆ రోజు ఆరున్నరకు మా నాటకం మొదలుకావాలి. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, అతిథుల పరిచయం, అతిథుల ప్రసంగాలు, ఆలస్యంగా వచ్చిన అతిథికి మళ్లీ పరిచయం, సన్మానాలు, జ్ఞాపికలు, ఫొటోలు అన్నీ అయ్యేసరికి ఎనిమిదీ నలభై. పదింటికి హాలు ఖాళీ చేయకపోతే అదనపు అద్దె. గంటన్నర నాటకాన్ని గంటా పది నిమిషాల్లో లాగించేశాం. రెండో రంగంలో తల్లి చనిపోయే సన్నివేశం ఉంది. ఆ పాత్ర వేస్తున్నావిడ తెర పక్కన నిలబడి నా చెవిలో అడిగింది: "సార్, తొందరగా పోవాలా?"

అతిథులను తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కళలకు సాయం అంటే సన్మానమే అన్న అలవాటు అందరికీ పట్టింది, మాతో సహా. శాలువా కప్పుతామంటే ఎప్పుడైనా వద్దన్నామా? ఇప్పుడు అంటున్నాను. మాకు కావలసింది చోటు. పైన కప్పు, లోపల కరెంటు, నీళ్లు, ఒక మరుగుదొడ్డి ఉండి, వారానికి మూడు సాయంత్రాలు ఎవరూ లేచి వెళ్లమనని చోటు. దానికి నగరం తన సొంత డబ్బు ఖర్చుపెట్టాలని అడుగుతున్నాను.

ప్రేక్షకులు చూసే గంటన్నర వెనుక కనీసం నలభై సాయంత్రాల రిహార్సల్ ఉంటుంది. అవి ఎక్కడ గడుస్తాయో ఎవరూ అడగరు. మేం పన్నెండు మందిమి. ఒకరిది బ్యాంకు ఉద్యోగం, ఒకరు ఆటో నడుపుతారు, ఇద్దరు ప్రైవేటు స్కూలు టీచర్లు, విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన మా లైట్లు చూసుకుంటారు. మొదట్లో ఒక స్కూలు తరగతి గదిలో ఆదివారాలు రిహార్సల్ చేసేవాళ్లం. ఆ భవనంలోకి కోచింగ్ సెంటర్ వచ్చాక ఆదివారాలు కూడా క్లాసులే. తర్వాత ఒక గుడి మండపం దొరికింది. మా నాటకంలో ఒక పాత్ర నాస్తికుడని తెలిసేదాకా అక్కడ బాగానే సాగింది. ఇప్పుడు మిత్రుడి అపార్ట్‌మెంట్ సెల్లారులో చేస్తున్నాం. కార్లు బయట ఉన్నంతసేపూ మా రంగస్థలం విశాలంగా ఉంటుంది. తొమ్మిది లోపు అందరూ ఇళ్లకు చేరతారు కాబట్టి చివరి రంగమంతా రెండు బంపర్ల మధ్య నడుస్తుంది. ఏడుపు ఉన్న రోజు వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచాలి. ఒకసారి మరచిపోతే, మూడో అంతస్తు నుంచి ఒక పెద్దావిడ చెంబుతో నీళ్లు పట్టుకుని పరుగున దిగివచ్చింది. మా నటనకు అంతకు మించిన మెప్పు ఇప్పటిదాకా దొరకలేదు. మర్నాడు అసోసియేషన్ వారి నోటీసు కూడా దొరికింది.

మా కాలనీలో ఒక కమ్యూనిటీ హాలు ఉంది. ఏ శాఖదో ఇక్కడ రాయను, ఎవరినీ ఇరుకున పెట్టే ఉద్దేశం లేదు. ఓట్ల సమయంలో తెరుస్తారు, వైద్య శిబిరానికి ఒకసారి తెరిచారు. మిగతా రోజులు తాళం. ఆ తాళంచెవి కోసం నేను నాలుగు నెలలు తిరిగాను. ఒకచోట అడిగితే పై ఆఫీసులో ఉందన్నారు, పై ఆఫీసులో అడిగితే బదిలీ అయిన మనిషి దగ్గర ఉండిపోయిందన్నారు. కిటికీ సందులోంచి చూస్తే నలభై ప్లాస్టిక్ కుర్చీలు, పాత బ్యానర్ల కట్ట, గోడకు ఒక ఆగిపోయిన గడియారం కనిపిస్తాయి. రిహార్సల్‌కు అంతకన్నా ఏం కావాలి? గడియారం కూడా అక్కర్లేదు.

ఇది నగర పాలక సంస్థ పనే కాదనే మాట నాకు చాలాసార్లు వినిపించింది. రోడ్లు, చెత్త, దీపాలు మావి. కళలు రాష్ట్ర సాంస్కృతిక శాఖవి అంటారు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలు ఒకసారి తెరవండి. పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనులు అందులో 18 ఉన్నాయి. 12వది పార్కులు, తోటలు, ఆటస్థలాలు. 14వది శ్మశానాలు. ఈ రెండింటి మధ్య 13వ అంశంగా సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల ప్రోత్సాహం అని రాసి ఉంది. పార్కులు కడుతున్నారు, శ్మశానాలు బాగు చేయిస్తున్నారు. మధ్యలో ఉన్నదాని మీదుగా కళ్లు ఎలా దాటిపోతున్నాయో నాకు అర్థం కాదు.

రాజ్యాంగం దాకా ఎందుకు, గోల్కొండ మనకు బస్సు దూరంలోనే ఉంది. ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు, కావ్యాలు అంకితమిచ్చారు. అంతకంటే నాకు ఇష్టమైన కథ చివరి సుల్తాను తానీషాది. భాగవతుల ప్రదర్శన చూసి మెచ్చి, కూచిపూడి గ్రామాన్ని వాళ్లకు అగ్రహారంగా రాసిచ్చాడని ఆ ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆయన రాజ్యం 1687లో పోయింది. నాట్యం ఇవాళ్టికీ ఉంది. ఆయన వాళ్లకు జరీ శాలువా కూడా కప్పే ఉంటాడు, కాదనను. కానీ నిలబెట్టింది నేల. తిండిగింజలు పండే నేల, పిల్లలకు అడుగులు నేర్పడానికి సొంత అరుగు. సుల్తానులాగా ఊళ్లు రాసివ్వమని మిమ్మల్ని అడగడం లేదు, తాళం తీయమని అడుగుతున్నాను.

ఇక డబ్బు సంగతి.

ఈ నగరంలో ఇల్లున్న ప్రతి ఒక్కరూ ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పుణ్యమా అని, పన్ను రూపాయికి ఎనిమిది పైసలు పుస్తకాల పేరుతో వసూలవుతాయి. చాలామందికి తాము కడుతున్నట్టే తెలియదు. ఆ సొమ్ము గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదని పత్రికల్లో తరచూ చదువుతున్నాం, అది వేరే ఉత్తరం రాయాల్సిన విషయం. నేను చెప్పదలచింది ఇంతే: ఇంటి పన్నులో కొంత భాగం చదువు సంస్కారాలకు పోవాలని ఈ నేల మీద ఎప్పుడో ఒప్పుకున్నాం. కొత్తగా వాదించాల్సింది ఏమీ లేదు.

నేను కొత్త సెస్సు కూడా అడగడం లేదు. 2024–25లో నగర ఆస్తి పన్ను వసూళ్లు 2,000 కోట్ల రూపాయలు దాటాయి. అందులో రూపాయికి ఒక్క పైసా తీసి పక్కన పెట్టండి. ఏడాదికి ఇరవై కోట్లు. మిగిలిన తొంభై తొమ్మిది పైసలతో నాలాలు పూడిక తీయండి, గుంతలు పూడ్చండి, వద్దన్నదెవరు? 2020 అక్టోబరు వానలకు మా మేకప్ సామాను, రెండు మద్దెలలు, పదిహేనేళ్ల నాటకాల ప్రతులు తడిసి ముద్దయ్యాయి. నాలాల విలువ నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

ఆ ఇరవై కోట్లతో మరో మహా భవనం కడతారేమోనని నా భయం. దయచేసి కట్టకండి. టాగూర్ శతజయంతి సందర్భంగా 1961లో వెలసిన రవీంద్రభారతి ఉంది. మాదాపూర్‌లో శిల్పకళావేదిక ఉంది. అవి పెద్ద సభలకు, పెద్ద జేబులకు సరిపోతాయి. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, సికింద్రాబాద్‌లో హరిహర కళాభవన్ లాంటివి లేకపోతే మావంటివాళ్లకు దిక్కే లేదు. బంజారాహిల్స్‌లో లమకాన్ అయితే 2010 నుంచి ఒక ఇల్లు జనానికి తలుపులు తెరిచి కూర్చున్నట్టు నడుస్తోంది. అలాంటి చిన్న చోట్లు కుత్బుల్లాపూర్‌లో ఎన్ని, చాంద్రాయణగుట్టలో ఎన్ని, ఉప్పల్ దాటితే ఎన్ని? ఉప్పల్‌లో ఉండే అమ్మాయి నాటకం నేర్చుకోవాలంటే రెండు బస్సులు మారి రావాలి, రాత్రి పదింటికి తిరిగి వెళ్లాలి. రెండు వారాలు వస్తుంది, మూడో వారం వాళ్ల నాన్న ఫోను చేస్తారు. మా నాటక సమాజం పోగొట్టుకున్న నటీమణులందరినీ ఇలాగే పోగొట్టుకుంది.

మా కిందటి నాటకం లెక్క చెబుతాను. మొత్తం ఖర్చు అరవై రెండు వేలు. హాలు అద్దె, లైట్లు, మైకు కలిసి నలభై ఒక వెయ్యి. ఆహ్వాన పత్రాలు, మేకప్, సామాను తెచ్చిన వ్యాన్ పన్నెండు వేలు. రచయితకు మూడు వేలు ఇచ్చాం, ఆయన తీసుకోనంటే బలవంతంగా జేబులో పెట్టాం. మిగిలిన ఆరు వేలు నలభై సాయంత్రాల టీ, మిర్చి బజ్జీలు. నటులకు సున్నా. ప్రతి సమాజానిదీ ఇంచుమించు ఇదే చిట్టా. మనుషులు ఉచితం, గోడలు ఖరీదు. అందుకే పారితోషికాలు ఇవ్వండి అనడం లేదు, గోడలు ఇవ్వండి అంటున్నాను. గోడలు దొరికితే మనుషులకు మేమే ఇచ్చుకుంటాం.

కొన్ని వార్డుల్లో మల్టీపర్పస్ ఫంక్షన్ హాళ్లు వెలిశాయి. మంచి పని, పేదింటి పెళ్లికి అద్దె భారం తగ్గింది. కాకపోతే పేరులో మల్టీ అని ఉన్నా పనికొచ్చేది ఎక్కువగా పెళ్లిళ్లకే. అది తప్పని అనను. పెళ్లిళ్లు లేని రోజులు మాకివ్వండి. ఆషాఢం మాది, భాద్రపదం మాది, పుష్యం మాది. శుక్ర మూఢం, గురు మూఢం వస్తే ఇక మాకు పండగే. ముహూర్తాలు లేవని హాళ్లు ఖాళీగా పడివుండే వారాలు ఎన్నో పంచాంగంలోనే రాసి ఉన్నాయి. పైసా ఖర్చు లేకుండా మీరు ప్రకటించగల మొదటి గ్రాంటు అదే.

నాటకంవాణ్ణి కాబట్టి నాటకం గురించే మాట్లాడుతున్నాను గానీ, చోటు లేనిది మాకొక్కరికే కాదు. ఏసీ గార్డ్స్ పరిసరాల్లో సిద్దీలు ఉంటారు, నిజాం ఆశ్విక దళంలో పనిచేసిన ఆఫ్రికా సంతతివారి వారసులు. వాళ్ల మర్ఫా మోగకపోతే హైదరాబాద్ బరాత్ బరాత్‌లా ఉండదు. ఆ వాయిద్యం పిల్లలు సందుల్లోనే నేర్చుకోవాలి, బళ్లు వస్తే పక్కకు తప్పుకుంటూ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక కుటుంబాల వారసులు ఇప్పుడు లింగంపల్లి దగ్గర ఉంటున్నారు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరివెళ్లే ఆ మాయ చేయడానికి తాళ్లు, కప్పీలు, ఎత్తైన కప్పు కావాలి. అద్దెకు ఒక్క సాయంత్రం దొరికే హాలులో కప్పీలు బిగించేసరికే పొద్దు గుంకుతుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, ప్రభుత్వం నగదు బహుమతీ ప్రకటించింది. 2024లో ఆయన నగర శివార్లలో భవన నిర్మాణ కూలీగా పనిచేస్తున్నారని పత్రికలు రాశాయి. అందరం అయ్యో అన్నాం. నలుగురు పిల్లలకు కిన్నెర నేర్పే ఒక గది, దానికి నెల జీతం కూడా ఉంటే బాగుండేదని మాత్రం ఎవరూ అనలేదు.

ప్రభుత్వం కళాకారులకు జీతాలు ఇవ్వడమే లేదంటే అబద్ధమాడినట్టు. తెలంగాణ సాంస్కృతిక సారథిలో ఐదు వందల మందికి పైగా కళాకారులకు ఉద్యోగాలు వచ్చాయి. పాటతో ఉద్యమం నడిపినవాళ్లకు రాష్ట్రం వచ్చాక అన్నం పెట్టడం న్యాయం, దాన్ని నేను వెక్కిరించను. కానీ ఆ గొంతులతో ఎక్కువగా పాడించేది సర్కారు పథకాల గురించి. జీతం ఇచ్చి పథకం పాడించుకోవడం ప్రచారం. దాని పద్దు వేరు, నేను అడిగే పద్దు వేరు. సినిమా అవార్డులకు గద్దర్ పేరు పెట్టి 2025లో హైటెక్స్‌లో ఘనంగా ఇచ్చారు. గోచీ, గొంగడి, కాళ్లకు గజ్జెలతో వీధిలో ఆడిన మనిషి పేరు తెరమీది బొమ్మకు దక్కింది. వీధికి ఏం దక్కిందని అడగడం అసూయ కాదనుకుంటాను.

డబ్బు ఇస్తే పెత్తనం కూడా వస్తుంది, అది మాకు తెలుసు. కాబట్టి షరతులు మావీ కొన్ని ఉన్నాయి. ఏ హాలు ఏ రోజు ఎవరికి ఇచ్చారో వార్డు ఆఫీసు బోర్డు మీద రాయండి. అడిగినవాళ్లు ఎక్కువైతే చీటీలు తీయండి, సిఫారసు ఉత్తరాలు చూడకండి. బ్యానర్ మీద ఫలానా నాయకుడి ఫొటో ఉండాలనకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఏం ఆడబోతున్నారో కథ రాసివ్వమనకండి. నాటకాలను అదుపులో పెట్టడానికి బ్రిటిషువాళ్లు 1876లో తెచ్చిన చట్టాన్ని మన పార్లమెంటు రద్దు చేసి ఎంతో కాలం కాలేదు. దాన్ని దరఖాస్తు ఫారంలో మళ్లీ పుట్టించొద్దు. మా నాటకంలో మిమ్మల్నే తిట్టినా తలుపు తీయాలి. తిడతాం కూడా. పన్ను కట్టేవాళ్లకు ఆ మాత్రం చనువు ఉంటుంది.

జనం ఆదరిస్తే కళ బతుకుతుంది, లేకపోతే లేదు, మధ్యలో కార్పొరేషన్ ఎందుకని నాతో వాదించిన మిత్రులున్నారు. వాళ్లకు పుణె చూపిస్తాను. మరాఠీవాళ్లు టికెట్ కొని నాటకం చూస్తారని మనం ఈర్ష్యగా చెప్పుకుంటాం. ఆ టికెట్ కొని వెళ్లే హాలు ఎవరిదో చెప్పుకోం. 1968లో తెరిచిన బాలగంధర్వ రంగమందిరం పుణె నగర పాలక సంస్థది. ఠాణేలో గడ్కరీ రంగాయతన్ ఆ నగర పాలక సంస్థది. బెంగళూరులో 2004లో మొదలైన రంగశంకర ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో ఉంది. జనం అలవాటు పడటానికి ముందు ఒక చోటు ఉండాలి, ఆ చోట రోజూ ఏదో ఒకటి జరుగుతుందన్న నమ్మకం ఉండాలి. మన ప్రేక్షకుడికి టికెట్ అలవాటు లేదనడం తేలిక. వెళ్లిన రోజున నాటకం బదులు సన్మానం చూపిస్తే ఎవరు మాత్రం కొంటారు?

ఒక చిన్న విచిత్రం చెప్పి అసలు పనికి వస్తాను. గ్రేటర్ హైదరాబాద్ నగర పాలక సంస్థ పుట్టింది 2007 ఏప్రిల్ 16న. కందుకూరి వీరేశలింగం పుట్టినరోజూ ఏప్రిల్ 16, తెలుగు రంగస్థల దినోత్సవంగా మేం జరుపుకునే రోజు. ఏటా ఆ రోజు మేం ఎక్కడో ఒకచోట ఒక చిన్న నాటిక వేస్తాం. వచ్చే ఏప్రిల్ 16న వేసే నాటికకు ఇవాళ్టి నుంచి నలభై సాయంత్రాలు వెతుక్కోవాలి.

పైసా సంగతి బడ్జెట్ సమావేశంలో చూడండి, చర్చ జరగనీయండి, కాలయాపన ఉంటుందని తెలుసు. మూఢాల్లో హాళ్లు ఇచ్చే విషయం ఒక సర్క్యులర్‌తో తేలిపోతుంది. ఈలోపు మా కాలనీ కమ్యూనిటీ హాలు మీదైనా, వేరే శాఖదైనా, దాని తాళంచెవి ఎవరి జేబులో ఉందో కనుక్కుని చెప్పండి. వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి పన్నెండు మందిమి గేటు దగ్గర ఉంటాం. చీపుర్లు, బల్బులు, గడియారానికి బ్యాటరీ మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
చిక్కడపల్లి ప్రాంతంలో నాటకాలు వేసే ఒక పన్ను చెల్లింపుదారుడు